మా వదిన చిన్న గ్రహం

మా వదినకు ఆకాశంలో ఒక గ్రహం ఉంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నా మొహంలోకి చూస్తారు, తర్వాత నవ్వుతారు. నవ్వుకోనీ అని నేనూ ఊరుకుంటాను. అదేమీ పెద్ద గ్రహం కాదు. అంగారకుడికీ గురుడికీ మధ్య చిన్నాపెద్దా రాళ్ళు లక్షల్లో సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి. వాటిని గ్రహశకలాలంటారు. వాటిలో ఒకదాన్ని లోకంలో అందరికంటే ముందు చూసింది మా వదిన. ముందు చూసినవాళ్ళే పేరు పెట్టాలని రూలు. ఆ భాగ్యం ఆవిడ చేతిదాకా వచ్చి, జారిపోబోయి, మళ్ళీ దక్కింది. అదంతా నా కళ్ళ ముందే జరిగింది గనక చెప్పే హక్కు నాకుంది.

ముందు నా సంగతి రెండు ముక్కలు. నేను బట్టలు కుడతాను. మా ఇంటి ముందు గదే నా షాపు. ఇంట్లో అన్నయ్య, వదిన, నేను, ముగ్గురమే. వదిన నాకు పెట్టిన పేరు కత్తెర. నా చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టానంటుంది. నా నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టిందని వీధి వీధంతా తెలుసు.

ఇక ఆవిడ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వీధి మలుపులో ఉండగానే ఆవిడ వస్తున్నట్టు ఇంట్లో తెలిసిపోతుంది. బస్సులో సీటు దగ్గర్నుంచి కూరగాయల కొట్టుదాకా ఎక్కడా తగ్గదు. తెలిసినదాన్ని తెలుసంటుంది, తెలియనిదాన్ని తెలియదంటుంది, రెండూ ఒకే గొంతుతో అంటుంది. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఈవిడతో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను. ఇప్పుడు ఆవిడ రెండు రోజులు ఊళ్ళో లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు.

ఊరి చివర గుట్ట మీద ఒక అబ్జర్వేటరీ ఉంది. వదిన పని అక్కడ. ఆకాశం చూసే ఉద్యోగమంటే రాత్రుళ్ళు మేలుకోవాలేమో, అన్నయ్య ఎలాగూ రాత్రి పనివాడే, ఇంట్లో ఇద్దరూ అలాగే అయితే పొయ్యి ఎవరు వెలిగిస్తారని నేను బెంగపెట్టుకున్నాను. తీరా చూస్తే ఆవిడ పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళి సాయంత్రం వచ్చేది. టెలిస్కోపు కింది అంతస్తులో ప్లేట్ల గది ఆవిడ రాజ్యం. ఉత్తరం వైపు ఒకే కిటికీ, దానికి నేను కుట్టిచ్చిన నల్ల పరదా. గోడల నిండా బీరువాలు. బీరువాల్లో కాగితం కవర్లలో నిలబెట్టిన గాజు ప్లేట్లు. రాత్రి పైన టెలిస్కోపు గుమ్మటంలో తీసిన ఆకాశం ఫోటోలన్నీ ఆ గాజు మీదే ఉంటాయి. తెల్లటి గాజు మీద నల్ల చుక్కలు, అవి నక్షత్రాలు. నూలు గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే చేతులు విరిచేంత పని చేసేది మా వదిన.

ఆ గదిలో ఒక మిషను ఉంది. వాళ్ళు దాన్ని రెప్పల మిషను అంటారు. ఒకే చోటును వేర్వేరు రోజుల్లో తీసిన రెండు ప్లేట్లు పక్కపక్కన పెడతారు. పైన ఒక్క కన్నుతో చూడాలి. మిషను టకటకమంటూ ఒకసారి ఈ ప్లేటు, ఒకసారి ఆ ప్లేటు చూపిస్తుంది. నక్షత్రాలు కదలవు గనక ఉన్నచోటే ఉంటాయి. కదిలేది ఏదన్నా ఉంటే అది మాత్రం అటూ ఇటూ గెంతుతుంది. ఆ గెంతేదాన్ని పట్టుకోవడమే వదిన పని. రోజంతా కూర్చున్నా ఒక్కటీ గెంతని రోజులే ఎక్కువ. గెంతినవాటిలో కూడా నూటికి తొంభై ఎవరో ఎప్పుడో పట్టేసినవే.

ఆ పనిలో ఆవిడను పెట్టించింది వాళ్ళ బాబాయి. వదిన చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోతే ఆయన తమ్ముడే పెంచి, చదివించి, అత్తారింటికి పంపాడు. ఆయన గుమ్మటంలో రాత్రి డ్యూటీ మనిషి. వదిన కడిగే ప్లేట్లూ కొలిచే ప్లేట్లూ అన్నీ ఆయన తీసినవే. ప్లేటు మీద వెలుగు పడుతున్నంతసేపూ టెలిస్కోపులో కనబడే ఒక నక్షత్రాన్ని కటకంలోని సన్నటి తీగ మీద నిలబెట్టి, అది జరగకుండా చేత్తో సరిచేస్తూ కూర్చోవాలి. చలికాలంలో గుమ్మటం తలుపు తెరిచి గంటల తరబడి అలా కూర్చోవడం అంటే మాటలు కాదు. ఆయనకు ఒకటే గొప్ప. "డ్యూటీలో కన్ను మూసిన పాపాన పోలేదమ్మా" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. రిటైరైన రోజు అబ్జర్వేటరీవాళ్ళు ఆయనకు ఒక ఇత్తడి పలక ఇచ్చారు. దాని మీద 'కన్ను మూయని మనిషి' అని చెక్కించారు. దాన్ని ఆయన ముందు గదిలో, లోపలికి అడుగుపెట్టినవాడి తలకు తగిలేంత ఎదురుగా తగిలించుకున్నాడు.

గ్రహం దొరికింది ఆయన సర్వీసు ఆఖరి రోజుల్లో. ఒకనాడు సాయంత్రం నేను రవికెకు హుక్కులు కుడుతుంటే వదిన వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నా ఎదురుగా కూర్చుంది.

"కత్తెరా, ఒకటి దొరికింది."

"ఏది, చెవి దుద్దా?" అన్నాను. అంతకు ముందు వారమే పోగొట్టుకుని ఇల్లంతా పీకి పందిరేసింది.

"దుద్దు కాదే. ఎవరి దగ్గరా లేనిది. ఇవాళ పొద్దుట్నుంచీ వెతికాను, ఏ పట్టీలోనూ లేదు."

ప్లేటు అంచు దగ్గర ఒక చిన్న చుక్క గెంతిందట. దుమ్మేమో అని తుడిచిందట. ప్లేటు తిప్పి పెట్టి చూసిందట. అదే నెలలో అదే చోటు తీసిన మూడో ప్లేటు వెతికి తెచ్చి చూస్తే అందులోనూ ఉంది, ఇంకాస్త జరిగి ఉంది. చెబుతుంటే ఆవిడ గొంతు సగానికి సగం తగ్గిపోయింది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

అక్కడితో అయిపోలేదు. దొరికినవాటి లెక్కలు చూసే కేంద్రం ఒకటి ఎక్కడో ఉంది. వాళ్ళు ముందుగా అంకెలూ అక్షరాలూ కలిపి ఒక తాత్కాలిక గుర్తు ఇస్తారు. మూడు ప్లేట్లనూ బట్టి అది ఏ దారిన తిరుగుతోందో, అంటే దాని కక్ష్య ఏమిటో లెక్క కడతారు. ఏడాది పైన కొన్ని నెలలకు అది మళ్ళీ భూమికి ఎదురుగా వస్తుంది. అప్పుడు చెప్పిన చోట కనబడాలి. అలా కొన్నిసార్లు కనబడితేనే కక్ష్య ఖాయం, నంబరు ఖాయం. నంబరు వచ్చాకే పేరు.

"పేరు నేనెప్పుడో అనుకున్నాను. బాబాయి పేరు" అంది వదిన. "ఆయన తీసిన ప్లేటు, ఆయన పెంచిన కళ్ళు. ఇంకెవరి పేరు పెడతాను?"

అన్నయ్య పక్కనే ఉన్నాడు. "కట్టుకున్నవాడి పేరు కనీసం పరిశీలనలోకైనా రాలేదు" అన్నాడు.

"మీ పేరు పెడితే పగలు కనబడదండీ" అంది. అన్నయ్య రొట్టెల బట్టీలో రాత్రి పనివాడు, పగలంతా దుప్పటి ముసుగులోనే ఉంటాడు.

కక్ష్య లెక్క వచ్చింది. అది మిగతావాటిలా లేదు. గ్రహశకలాలు దాదాపు గుండ్రటి దారిలో, ఒక గుంపుగా పోతాయట. ఇది మాత్రం సాగదీసిన దారిలో అంగారకుడి దారిని దాటి లోపలికి వస్తుందని తేలింది. డైరెక్టరుగారు సంతోషపడ్డారు. ఆవిడ నెమ్మదస్తురాలు, నవ్వితే అదే పదివేలు, అలాంటిది వదిన భుజం తట్టారట. ఇక మా వదిన నేల మీద నడిస్తే ఒట్టు. "నాలాగే. ఎవరి దారిన పోదు" అని ఎదురింటావిడకు కూడా చెప్పింది.

మళ్ళీ ఎదురుగా వచ్చే కాలం వచ్చింది. చెప్పిన చోట ప్లేట్లు తీశారు. లేదు. చుట్టుపక్కల తీశారు. లేదు. ఆ తర్వాతిసారీ అంతే. ఆకాశంలో ఉన్నదాన్ని ఎవరు దొంగిలిస్తారు అని నేను ఎగతాళి చేశాను గాని, ఆవిడ మొహం చూశాక ఆ ఎగతాళి మానేశాను. కూర్చుంటే అదే ధ్యాస, నిలబడితే అదే ధ్యాస. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది.

మూడోసారి వచ్చే ముందు ఇంకో పిడుగు పడింది. ప్లేట్ల కెమెరాను ఆ సీజను చివర విప్పేస్తున్నారు. కొత్త రకం కెమెరాలు వేరేచోట వచ్చాయి, గాజు ప్లేట్లు తయారుచేసేవాళ్ళే లేరు. మిగిలిన ప్లేట్లు చాలా తక్కువ. వాటిలో ఒక్క జత మాత్రం వదిన గ్రహం కోసం ఇస్తానన్నారు డైరెక్టరుగారు.

"ఈసారి కూడా దొరక్కపోతే?" అన్నాను.

"ఎప్పుడో ఒకరోజు ఇంకెక్కడో ఇంకెవరికో దొరుకుతుంది. నేను ముందు చూశానన్నా చెల్లదు, కక్ష్య ఖాయం చేసినవాళ్ళదే అవుతుంది. వాళ్ళ పిల్లి పేరు పెట్టుకుంటారు."

"బాబాయిగారికి చెప్పావా?"

"ఏమని చెప్పను? నీ పేరు పెడతానని నోరు జారాను, గ్రహాన్ని పారేసుకున్నానని చెప్పనా?" అంది. ఆవిడకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "పోలేదు కత్తెరా. అది ఎక్కడికీ పోలేదు. నేనే ఎక్కడో పప్పులో కాలేశాను."

ఆ కాలు ఎక్కడ పడిందో తెలిసింది మా వంటింట్లో, మా అన్నయ్య నోటి వల్ల. ఆయన జన్మలో చేసిన ఏకైక శాస్త్రసేవ అదే.

మా ఇంట్లో ఒక తంటా ఉంది. అన్నయ్యకు పడుకుని లేస్తేనే రోజు మారుతుంది. తెల్లవారి పనినుంచి వస్తాడు. మాకు అప్పటికి కొత్త రోజు. ఆయనకు ఇంకా నిన్నే. "రేపు కుళాయి బాగుచేస్తాను" అంటే ఆ సాయంత్రమని అర్థం. తెలియక నేను మర్నాటిదాకా ఆగి ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఇంట్లో రెండు క్యాలెండర్లు నడుస్తున్నాయని సరిపెట్టుకున్నాం.

ఆ రోజు పొద్దున అన్నయ్య వచ్చి, కంచం ముందు కూర్చుని, "నిన్న పిండి బాగా రాలేదు. ఇవాళ కుళాయి చేసేస్తానులే" అన్నాడు.

వదిన తల దువ్వుకుంటోంది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

"ఏమండీ, రాత్రి పనిలో పడుకున్నారా?"

అన్నయ్య ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టు చూశాడు. "ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారు. పడుకున్నారా లేదా?"

"బట్టీ చెడిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా పిండి బస్తాల మీద అలా ఒరిగాను. అంతే. మా యజమానికి తెలిస్తే..."

ఆవిడ వినడంలేదు. సగం జడతో నా షాపు గదిలోకి వచ్చి, నేను కత్తిరించబోతున్న బట్టను పక్కకు నెట్టి, సుద్ద తీసుకుని బల్ల మీద గీతలు మొదలెట్టింది. నాకు కోపం వచ్చింది గాని ఆవిడ వాలకం చూసి నోరు మెదపలేదు.

సంగతి ఇది. గుమ్మటంలో ఒక పద్ధతి ఉంది. రాత్రి మొత్తానికి ఒకటే తేదీ, సాయంత్రం ఏ తేదీ అయితే తెల్లవారేదాకా అదే. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట అని రాయరు, ఇరవై అయిదు గంటలని రాస్తారు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, అలా పెంచుకుంటూ పోతారు. కొలిచేవాళ్ళు దాన్ని మళ్ళీ మామూలు తేదీకి మార్చుకుంటారు. బాబాయి ప్లేట్లు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. వదిన దొరకబుచ్చుకున్న మూడింటిలో నడిమి ప్లేటు మీద మాత్రం ఒంటిగంట నలభై అని ఉంది. ముసలాయన అప్పుడప్పుడూ ఇరవై నాలుగు కలపడం మరిచిపోతాడులే అనుకుని వదినే కలిపింది. దాంతో ఆ ప్లేటు ఒక రోజు ముందుకు జరిగింది.

"దిద్దాను" అంది వదిన. "ఒప్పును దిద్దాను. ఆయన ఆ రాత్రి నిద్రపోయి లేచి తీశాడు. లేచినవాడికి రోజు మారింది. అందుకే కొత్త తేదీ వేసి, కొత్త గంట వేశాడు."

తేదీలు ఒకవైపు, అది నడిచిన దూరం ఒకవైపు వేసి చుక్కలు పెట్టింది. దిద్దిన తేదీతో గీత మధ్యలో వంకర తిరిగింది. దిద్దని తేదీతో గీస్తే చంక కట్టింగులా సాఫీగా తిరిగింది. ఆ మాత్రం నాకూ తెలుస్తుంది, ఆ గీతలు గీసుకునే కదా నేను బతుకుతున్నాను.

వదిన ఆ జడతోనే గుట్టకు పరుగెత్తింది. డైరెక్టరుగారు కొత్త తేదీతో లెక్క మళ్ళీ కట్టారు. కక్ష్య బుద్ధిగా, గుండ్రంగా వచ్చింది. ఇప్పుడు ఎక్కడుండాలో చోటు వచ్చింది, పాత చోటుకు చాలా దూరం. అయినా ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నాకూ ఇదే నిజమనిపిస్తోంది. కానీ మనకు నచ్చిన జవాబు వచ్చేలా తేదీ మార్చుకుంటే అది లెక్క కాదు, కోరిక. ఆ రాత్రి డ్యూటీ పుస్తకంలో మబ్బని ఉంది, ఎప్పుడు విడిచిందో లేదు. ఉన్నది ఒక్క జత ప్లేట్లు. రాసిన మనిషి వచ్చి చెబితే కెమెరా అటు తిప్పిస్తాను. లేకపోతే పాత చోటికే."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదని వదినే ఒప్పుకుంది. ఇక మిగిలింది ఒకటే. కన్ను మూయని మనిషి దగ్గరికి వెళ్ళి, కన్ను మూశానని ఒప్పుకోమని అడగాలి.

ఆ ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్ళాం. బాబాయి ముందు గదిలో మెత్తటి గుడ్డతో ఇత్తడి పలక తుడుస్తున్నాడు. మాకు కుర్చీలు వేశాడు, టీ పెట్టాడు. వదిన డొంకతిరుగుడు లేకుండా అడిగేసింది. ఆయన గుడ్డ కింద పడేసి లేచి నిలబడ్డాడు.

"నేను పడుకున్నానా? ఆ మాట నువ్వు అడుగుతున్నావా నన్ను?"

"నీ తేదీ తప్పని అనడంలేదు బాబాయ్. నువ్వు రాసింది ఒప్పు. చెడగొట్టింది నేను."

"ఒప్పయితే ఒప్పని రాసుకో. మధ్యలో నా నిద్ర సంగతి ఎందుకు?"

"డైరెక్టరుగారికి కారణం కావాలి. మిగతా రెండు ప్లేట్లూ ఒక రకం, ఇదొక్కటీ ఒక రకం. ఎందుకలా అంటే ఏం చెప్పను?"

"నాకు గుర్తులేదు."

ఇక నా నోరు ఊరుకోలేదు. "గుర్తులేక కాదు బాబాయిగారూ. ఆ పలకకు జంకుతున్నారు. గోడ మీది ఇత్తడి ముక్కకోసం పెంచిన పిల్ల కష్టం నీళ్ళపాలు చేస్తారా?"

ఆయన మొహం మాడిపోయింది. వదిన నావైపు తిరిగి, "నోరు ముయ్యి. ఆయన్ని అనడానికి నువ్వెవరు?" అంది. నన్ను అంత కటువుగా ఎప్పుడూ అనలేదు. తర్వాత ఆయనతో, "టీ బాగుంది బాబాయ్. మేం వెళ్ళొస్తాం" అంది.

బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడే మాట్లాడింది.

"చలికాలంలో ఆయన ఇంటికొచ్చాక వేళ్ళు వంగేవి కావు. నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని. ఆ పలక తప్ప ఆయనకు ఏం మిగిలింది? నేనింక అడగను."

"మరి గ్రహం?"

"అది ఎక్కడుందో నాకు తెలుసు. పేరు ఎవరు పెడితేనేం, ఉన్నచోటే ఉంటుంది" అంది. అంత ధీమాగానే అంది. కానీ కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ మీద అంత ప్రేమ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు రెప్పల మిషనుకు కొత్త ముసుగు కుట్టి ఇవ్వాల్సి ఉంటే నేనూ గుట్ట ఎక్కాను. డైరెక్టరుగారు ప్లేట్ల గదిలోనే ఉన్నారు. వదిన పాత చోటు అంకెలు ఆవిడకు చదివి వినిపిస్తోంది. ఒక్కో అంకె నోట్లోంచి రాయి తీసినట్టు తీస్తోంది.

తలుపు దగ్గర దగ్గు వినబడింది. బాబాయి. పాత డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. చంకలో న్యూస్‌పేపర్లో చుట్టిన పలక. లోపలికి వచ్చి దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇచ్చేద్దామని వచ్చానమ్మా" అన్నాడు డైరెక్టరుగారితో.

వదిన అంకెలు చదవడం ఆపేసింది.

"ఆ రాత్రి మబ్బు పట్టింది. గుమ్మటం మూసి కుర్చీలో కూర్చున్నాను. పడుకున్నాను. ఒంట్లో బాగాలేదనీ, ఇంట్లో కష్టమనీ చెప్పచ్చు. అదేమీ లేదు. నిద్రొచ్చింది. లేచేసరికి ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. కంగారుగా గడియారం చూసి ప్లేటు ఎక్కించాను. తేదీ కొత్తది వేశాను, గంట కూడా కొత్తదే. మా అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం."

వదిన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. డైరెక్టరుగారు పలక మీది కాగితం విప్పి, చదివి, మళ్ళీ చుట్టి ఆయన చేతిలోనే పెట్టారు.

"కెమెరా కొత్త చోటుకే తిప్పుదాం. ఇది మీరే ఉంచుకోండి. ఇంత సర్వీసులో ఒకే ఒక్క కునుకు. దానికి పలక తీసేసుకుంటే మాకు కళ్ళు పోతాయి" అన్నారు.

బాబాయి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

రెండు మంచి రాత్రులు దొరికాయి. ప్లేట్లు కడిగి ఆరబెట్టిన పొద్దున బాబాయినీ నన్నూ రమ్మంది వదిన. రమ్మనకపోయినా వెళ్ళేదాన్నే. గ్లవ్స్ తొడుక్కుని, రెండు ప్లేట్లూ మిషనులో పెట్టి, ముసుగు కిందికి తల దూర్చింది. మిషను టకటకలాడుతోంది. మాకు ఆవిడ వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు కదల్లేదు. నేను గోళ్ళు కొరుక్కున్నాను, బాబాయి తన చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు.

ఆవిడ లేచింది. "బాబాయ్, కూర్చో. నువ్వు చూడు" అంది.

జీవితమంతా ప్లేట్లు తీసిన మనిషి ఆ మిషనులోకి ఎప్పుడూ తొంగి చూడలేదట. ఆయన పని రాత్రిది, ఇది పగటిది. కూర్చుని కన్ను ఆనించాడు.

"ఎక్కడ చూడాలి?"

"మధ్యలో. కొంచెం కిందికి."

కొంతసేపటికి, "ఎలకపిల్లలా గెంతుతోందే" అన్నాడు. ఆయన ఎంతకీ తల ఎత్తకపోతే నాకు విషయం అర్థమైంది, ఆ నల్ల ముసుగు కింద ఏడుస్తున్నాడు.

డైరెక్టరుగారు కొలిచి చూశారు. లెక్క చెప్పిన చోటుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇక అనుమానం లేదు. అది సూర్యుణ్ణి చుట్టి రావడానికి నాలుగేళ్ళ పైచిలుకు పడుతుంది. అంగారకుడి దారిలోకి రాదు, గురుడి జోలికి పోదు. గుంపులో ఒకటి.

"మామూలుదే" అన్నారు డైరెక్టరుగారు కాస్త నిరాశగా.

"మామూలుదే" అంది వదిన. ఆ మాటకు ఆవిడ ఛాతీ ఇంకాస్త పొంగింది. "పాపం, తన దారిన తను బుద్ధిగా తిరుగుతోంది. దానికి లేనిపోని వంకలు అంటగట్టింది నేను."

కెమెరా విప్పేశారు. ఆ తర్వాతి రాకల్లో వేరే ఊళ్ళ అబ్జర్వేటరీలు దాన్ని చెప్పిన చోటే పట్టుకున్నాయి. నంబరు వచ్చింది. పేరు చెప్పమని కబురు వచ్చింది. పేరుతోపాటు ఎందుకు పెట్టారో ఒకటి రెండు మాటల్లో రాయాలి. ఒక సెలవు రోజు బాబాయిని భోజనానికి పిలిచి, తిన్నాక వదిన నా కట్టింగు బల్ల దగ్గర కాగితం పరుచుకుని కూర్చుంది. పేరు రాయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా పేరు వద్దమ్మా."

"నోరు మూసుకుని కూర్చో బాబాయ్. ఎన్నేళ్ళనాటి మాట ఇది."

"విను. నా పేరు పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మేలుకున్నందుకు పెట్టారనుకుంటారు. అది దొరికింది నేను పడుకున్నానని చెప్పాక. ఉన్నదే పెట్టు. కునుకు అని పెట్టు."

అన్నయ్య పక్క గదిలో మంచం మీదినుంచి, "నాకు ఆ పేరు నచ్చింది" అన్నాడు. వదిన పడీపడీ నవ్వింది. నవ్వుతూనే బాబాయి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. తర్వాత కాగితం మీద 'కునుకు' అని రాసింది. కింద కారణం రాసి, పైకి చదివింది.

"ఈ గ్రహాన్ని ప్లేటు మీదికెక్కించిన రాత్రి పరిశీలకుడు, తన సర్వీసు మొత్తంలో డ్యూటీలో తీసిన ఒకే ఒక్క కునుకుకు గుర్తుగా. బాగుందా?"

బాబాయి వక్కపొడి నములుతూ పైకప్పు వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఆ 'ఒకే ఒక్క' కొట్టెయ్యమ్మా. ఆకాశంలో ఎన్నాళ్ళో ఉండేదానికి అబద్ధం ఎందుకు?"

వదిన పెన్ను ఆగిపోయింది. నేనూ కుట్టు మిషను ఆపేశాను.

"ఎన్ని, బాబాయ్?"

"ఏమోనమ్మా. లెక్కపెట్టేవాడు మేలుకుని ఉండాలిగా."

వదిన ఆయన్ని అలాగే చూసింది. ఆవిడ చూపులో కోపం వస్తుందేమో అని నేను ఎదురుచూశాను, రాలేదు. ఒంటిగంటో రెండో, అలా చిన్న గంట రాసి ఉన్న ప్లేటు కనబడితే చాలు, ముసలాయన మరిచిపోయాడని ఆవిడ ఇరవై నాలుగు కలుపుకుంటూ పోయిన ఏళ్ళన్నీ ఆవిడ కళ్ళ ముందు తిరుగుతున్నట్టున్నాయి. అలా ఒక రోజు తప్పి పారేసిన లెక్కల్లో ఎవరిదీ కాని గ్రహాలు ఇంకా ఎన్ని ఉన్నాయో. ఆవిడ 'ఒకే ఒక్క' కొట్టేసి, కాగితం మడిచి, గూట్లోంచి ప్లేట్ల గది తాళంచెవి తీసుకుని చెప్పులు తొడుక్కుంది.

"సెలవు రోజు ఎక్కడికే?" అన్నాడు అన్నయ్య.

"గుట్ట మీదికి. బాబాయ్, లే. నువ్వూ రావాలి" అంది. బాబాయి వక్కపొడి డబ్బా జేబులో వేసుకుని ఆవిడ వెనకే బయల్దేరాడు.